మండ్రగబ్బ చెప్పిన నాడీశాస్త్రం



తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందని మన పెద్దల సామెత. అల్పునికి అధికారం దక్కితే జరిగే ఆగడానికి దీనిని ఉదాహరణగా తరగతిలో ఎన్నోసార్లు చెప్పినాను. ఈ సామెతలో నీతితోపాటు ఒక ప్రకృతి పరిశీలన కూడా దాగి ఉన్నది. 'తెల్లవార్లూ' అన్న మాటను గమనించండి. తేలు పగలంతా రాతి కిందనో బొరియలోనో కదలక మెదలక ఉంటుంది. పొద్దు వాలినాకనే దానికి చురుకుదనం. సామెత కట్టిన పల్లెవాడు ఆ సంగతి ఎరుగును. అది ఎందుకు అలా ఉంటుందో, దాని ఒంటిలో పొద్దుగూకిందని చెప్పేది ఏదో అతడు అడగలేదు.

ఆ ప్రశ్నను 1960వ దశకంలో మన తిరుపతిలోనే కొందరు అడిగినారు. అడగడంతో ఆగక, తేలు నాడీసూత్రానికి తీగ తగిలించి సమాధానం వెతికినారు. వారు రాసిన వ్యాసాలు లండన్ నుండి వెలువడే 'నేచర్' పత్రికలోనూ, జర్మనీలోని జంతుశాస్త్ర పత్రికలలోనూ అచ్చయినాయి. ఇంతటి విశేషం మన ఊళ్ళో జరిగినదని తిరుపతివాసులలో నూటికి ఒక్కరికైనా తెలుసునా అని నాకు సందేహం. నేటి పిల్లలు 'న్యూరోసైన్స్ చదవాలంటే అమెరికా పోవాలా తాతా?' అని అడుగుతూ ఉంటారు. వారికి చెప్పదగిన చరిత్ర ఒకటి మన గడపలోనే ఉన్నది. నేను తెలుగు పండితుణ్ణి, శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా ఊరి చరిత్ర రాయడానికి ఆ ఊరి మనిషికి ఉండే అధికారంతో ఈ టపా రాస్తున్నాను.

మాట ముందు, శాస్త్రం తరువాత

వృత్తిరీత్యా నా దృష్టి ముందు మాట మీదికే పోతుంది. మన జనవ్యవహారంలో 'నరం' అన్న పదం చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. చేతి మీద నీలంగా ఉబ్బి కనబడే రక్తనాళమూ నరమే. కాలు బెణికితే పట్టేసేదీ నరమే. పక్షవాతం వచ్చినవానికి 'నరాలు చచ్చుబడినాయి' అంటాము. సూదిమందు వేసే నర్సు 'నరం దొరకడం లేదు' అంటుంది. ఇక 'నాడి' అనగానే మనకు మణికట్టు దగ్గర వైద్యుడు పట్టి చూసేది గుర్తుకొస్తుంది. ఆయుర్వేదంలో నాడీపరీక్ష అంటే అదే. 'స్నాయువు' సంగతి మరీ విచిత్రం. బెంగాలీవారు నెర్వ్ అన్న అర్థంలో వాడే ఈ మాటను మనవారు కండరాన్ని ఎముకకు కట్టిపడేసే పట్టీకి కేటాయించుకొన్నారు.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పాఠ్యపుస్తకాలు తెలుగులో రాసే కాలానికి ఈ చిక్కును విప్పవలసి వచ్చింది. నాడీకణం, నాడీసంధి, మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం వంటి పదాలు పుస్తకాలలో స్థిరపడినాయి. వీటన్నిటిలోకి నాకు మిక్కిలి ఇష్టమైనది మాత్రం ఏ సంఘమూ కూర్చొని చేయని 'వెన్నుపాము'. వెన్నులో పాములా సాగిన నాడీరజ్జువుకు ఇంతకంటే మంచి పేరు ప్రపంచ భాషలలో ఎక్కడైనా ఉన్నదా? పదం పుట్టడమంటే అలా పుట్టాలి.

ఒక జిల్లా, రెండు దారులు

నాడీశాస్త్రం మన ప్రాంతానికి రెండు దారులలో వచ్చింది. ఒకటి ఆసుపత్రి దారి, రెండవది విశ్వవిద్యాలయం దారి.

ఆసుపత్రి దారి వేలూరు మీదుగా వచ్చింది. నేడు వేలూరు తమిళనాడులో ఉన్నదిగానీ ఒకప్పుడు అదీ మనదీ ఒకే జిల్లా. ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే కేంద్రంగా ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది. సరిహద్దు గీత పడినంత మాత్రాన జబ్బుపడినవారి దారి మారదు కదా. మూర్ఛ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, పిల్లవాడి కాలు చచ్చుబడినా చిత్తూరు చుట్టుపక్కల పల్లెలవారు పట్టేది వేలూరు బండినే. ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో ఆరంభించిన వైద్యశాల అక్కడ క్రైస్తవ వైద్య కళాశాలగా పెరిగింది. ఆ కళాశాలలో 1949లో డాక్టర్ జేకబ్ చాందీ నాడీశస్త్రచికిత్సా విభాగాన్ని నెలకొల్పినారు. భారతదేశంలో అటువంటి విభాగం అదే మొదటిది. ఆయన కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందివచ్చినవారు. మెలకువగా ఉన్న రోగి మెదడును విద్యుత్తుతో తాకి, ఏ చోట తాకితే ఏ వేలు కదులుతుందో, ఏ జ్ఞాపకం మేలుకొంటుందో పటం గీసిన మహానుభావుడు పెన్‌ఫీల్డ్. ఆ విద్య చిత్తూరుకు కూతవేటు దూరానికి వచ్చి చేరింది.

మరుసటి ఏడు 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి అదే పనికి పూనుకొన్నారు. చాందీ, రామమూర్తి, ఎస్.టి. నరసింహన్, బల్‌దేవ్ సింగ్ అనే నలుగురు కలిసి 1951లో మద్రాసులో భారత నాడీశాస్త్ర సంఘాన్ని స్థాపించినారు. నలుగురితో మొదలైన సంఘమది. దేశంలో మెదడు వైద్యుని వృత్తి అనేది ఎంత కొత్తదో దీనినిబట్టి ఊహించవచ్చు.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం వారి స్విమ్స్ 1993లో ఆరంభమైంది. అక్కడి నాడీవైద్యురాలు డాక్టర్ బి. వెంగమ్మ ఆ సంస్థకే సంచాలకురాలు అయినారు. ఈ దారి నలుగురికీ తెలిసినదే గనుక ఇంతటితో విడిచి రెండవ దారికి వస్తాను.

కొండ కింద విశ్వవిద్యాలయం

రాయలసీమకు విద్యాలయం కావాలన్నది 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలోనే ఉన్న కోరిక. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1954లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. ఆచార్య ఎస్. గోవిందరాజులు నాయుడు తొలి ఉపాధ్యక్షులు. కొత్త విశ్వవిద్యాలయానికి పాత కీర్తి ఉండదు. పెద్ద పరికరాలూ ఉండవు. అటువంటి చోట ఏ పరిశోధన చేయాలన్నది కష్టమైన ప్రశ్న. జంతుశాస్త్ర విభాగంలో ఆ ప్రశ్నకు తెలివైన సమాధానం చెప్పినవారు ఆచార్య కె. పంపాపతిరావు.

పంపాపతిరావుగారు అంతకుముందు అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పరిశోధన చేసినారు. అక్కడి ఆల్చిప్పలు నీటిని లోపలికి తోడుకొని వదిలే వేగాన్ని కొలిచి, సముద్రపు ఆటుపోట్లకూ ఆ వేగానికీ ఉన్న లయను 1954లో ఒక వ్యాసంలో చూపినారు. చిప్పలను ఒక చోటినుండి మరొక చోటికి మార్చితే ఆ లయ మారుతుందా అన్నది అందులోని రెండవ ప్రశ్న. అదే ఏడు థియొడోర్ బుల్లాక్‌తో కలిసి, చలిదేశపు జీవులూ వేడిదేశపు జీవులూ ఉష్ణోగ్రతకు ఎలా సర్దుకొంటాయన్న విషయం మీద ఇంకొక వ్యాసం ప్రకటించినారు. ఈ బుల్లాక్ సామాన్యుడు కాడు. వెన్నెముక లేని జీవుల నాడీమండలం మీద హారిడ్జ్‌తో కలిసి ఆయన 1965లో వెలువరించిన రెండు సంపుటాల గ్రంథం ఆ శాస్త్రానికి నిఘంటువు వంటిది. గిలకపాము ముఖం మీది గుంటలు వేడిని పసిగట్టే ఇంద్రియాలని 1952లో నిరూపించినవారిలో ఆయన ఒకరు. అమెరికాలో నాడీశాస్త్రజ్ఞుల సంఘం 1969లో ఏర్పడినాక దానికి అధ్యక్షుడు కూడా అయినారు.

అంటే 'న్యూరోసైన్స్' అన్న పేరు ఇంకా లోకంలో స్థిరపడక ముందే, ఆ శాస్త్రాన్ని కడుతున్నవారితో భుజం కలిపి పనిచేసిన మనిషి తిరుపతిలో పాఠం చెప్పినారన్నమాట. పసిఫిక్ తీరంలోని ఆల్చిప్ప తిరుపతిలో దొరకదు. దొరికేది ఏమిటి? మండ్రగబ్బ.

తేలునే ఎందుకు?

పట్నవాసులైన మిత్రుల కోసం చెబుతున్నాను. మన వైపు తేళ్ళు ప్రధానంగా రెండు తెరగులు. చిన్నది, పసుపుదేరిన ఎర్రతేలు. ప్రాణాంతకమైనది అదే. పెద్దది, నిగనిగలాడే నల్లనిది, పీతకున్నట్లు లావైన పట్టుకొమ్ములు కలది మండ్రగబ్బ. చూపుకు భయంకరంగానీ దాని విషం ఎర్రతేలు విషమంత ప్రమాదం కాదు. శాస్త్రజ్ఞులు 'హెటరోమెట్రస్ ఫుల్విపెస్' అనే పేరుతో వ్యవహరించిన జీవి ఈ నల్లతేళ్ళ జాతికి చెందినది.

నాడీశాస్త్ర చరిత్రలో ఒక రహస్యం ఉన్నది. పెద్ద ప్రశ్నకు తగిన చిన్న జీవిని ఎన్నుకోగలగడమే ఆ రహస్యం. గాల్వానీ 18వ శతాబ్దంలో కప్పకాలును ఎన్నుకొన్నాడు. ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సముద్రపు స్క్విడ్‌ను ఎన్నుకొన్నారు. దాని నాడీతంతువు కొన్నిచోట్ల ఒక మిల్లీమీటరు దాకా లావుంటుంది గనుక లోపలికి ఎలక్ట్రోడు దూర్చవచ్చు. సోడియం, పొటాసియం అయానులు పొరను దాటడం వల్లనే నాడీప్రచోదనం పుడుతుందని వారు 1952లో లెక్కకట్టి చూపి, 1963లో నోబెల్ బహుమానం అందుకొన్నారు. ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తను పట్టుకొని జ్ఞాపకశక్తి గుట్టు విప్పి 2000లో అదే బహుమానం పొందినాడు.

మండ్రగబ్బలోనూ అటువంటి సదుపాయాలు ఉన్నాయి. నలభై కోట్ల ఏళ్ళకు పైగా పెద్ద మార్పు లేకుండా సాగివచ్చిన వంశమది. నెలల తరబడి ఆహారం లేకున్నా బతుకుతుంది గనుక పెంచడం సులువు. అన్నిటికంటే మించి దాని నాడీమండలం విడమరచి రాసిన పద్యపాదంలాగా ఉంటుంది. తల భాగంలో అన్నవాహికను చుట్టుకొని మెదడు. అక్కడినుండి పొట్టవైపుగా తోక చివరిదాకా జంట నాడీసూత్రం. దాని మీద మణుల్లాగా ఏడు నాడీగ్రంథులు. మూడు గ్రంథులు పొట్టలో, నాలుగు తోకలో. సుమతీశతకం చదివిన ప్రతి పిల్లవాడికీ తేలు విషం తోకలో ఉంటుందని తెలుసు. ఆ తోకను ఆడించే నాడులూ అక్కడి గ్రంథుల నుండే బయలుదేరుతాయి. ఒక్కొక్క గ్రంథినీ విడివిడిగా తీసి, అది తానొక్కటే ఏమి చేయగలదో పరీక్షించవచ్చు.

ఏమి కనుగొన్నారు?

1964లో పంపాపతిరావుగారు తేలు నాడీక్రియల మీద వ్యాసం ప్రకటించినారు. 1965లో ఆయన బృందానికి చెందిన కె.ఎస్. బాబుగారు సాలీడు, తేలు మొదలైన ఎనిమిదికాళ్ళ జీవుల కేంద్రనాడీమండల నిర్మాణాన్ని వివరిస్తూ జర్మనీలోని జంతుశాస్త్ర వార్షిక పత్రికలో 154 పుటల వ్యాసం రాసినారు. అది వ్యాసం కాదు, గ్రంథం. పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క పోగు ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తుందో గుర్తించడం ఎంత ఓపిక పనో, తాళపత్రాలకు పాఠపరిష్కారం చేసినవారికి కొంత తెలుస్తుంది. అరవై ఏళ్ళ తరువాత నేడు కూడా సాలీడు మెదడు మీద రాసేవారు ఆ వ్యాసాన్ని పేర్కొనక ముందుకు పోరు.

తేలు ఒంటి మీది రోమాలు స్పర్శకు స్పందించే ఇంద్రియాలు. తోక మీది ఒక్క రోమాన్ని కదిలిస్తే పుట్టే సంకేతం నాడీసూత్రంలో ఏ దారిన పోతుంది, ఒక పక్కన తాకితే రెండవ పక్కకు ఎలా అందుతుంది అన్నది సంజీవరెడ్డి, పంపాపతిరావుగార్లు పరిశీలించి 1970లో ఇంగ్లండులోని ప్రయోగాత్మక జీవశాస్త్ర పత్రికలో ప్రకటించినారు.

ఇక మన సామెతకు వస్తాను. తేలు నాడీసూత్రంలో దానంతటదే పుట్టే విద్యుత్తరంగాలు రోజంతా ఒకే తీరున ఉండవు. ఇరవైనాలుగు గంటల లయలో పెరుగుతాయి, తరుగుతాయి. నాడీసంధుల దగ్గర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం సంకేతాన్ని మోసుకుపోతుంది. పని అయిన వెంటనే దానిని విరగ్గొట్టే ఎంజైము కోలినెస్టరేజ్. ఈ ఎంజైము చురుకుదనంలోనూ రాత్రింబవళ్ళ తేడా ఉన్నదని వెంకటాచారి, మురళీకృష్ణ దాస్‌గార్లు 1968లో చూపినారు. అంతకుముందే 1967లో పంపాపతిరావు, గోపాలకృష్ణారెడ్డిగార్లు 'నేచర్' పత్రికలో మరొక ప్రశ్న వేసినారు. ఈ దినలయను నడిపించే పదార్థమేదైనా రక్తంలో ప్రవహిస్తున్నదా? గడియారం నాడిలో ఉన్నదా, నెత్తురులో ఉన్నదా అన్నమాట.

జీవగడియారాల మీద లోకమంతటా ఆసక్తి రగిలిన కాలమది. 1960లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఈ విషయం మీదనే పెద్ద సభ జరిగింది. 1970లలో జర్మనీలో ఫ్లైస్నర్ ఎడారితేలు కంటిలో ఇటువంటి దినలయనే చూసి, మెదడు నుండి కంటికి పోయే తంతువులు దానిని నడుపుతున్నాయని నిరూపించినారు. ఈగలో ఈ గడియారపు జన్యువులను బయటపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ దక్కింది. తిరుపతివారు నోబెల్‌కు చేరువలో ఉన్నారని నేను అనడం లేదు. అటువంటి అతిశయోక్తి వారికే గౌరవం కాదు. లోకం అడుగుతున్న ప్రశ్నను అదే కాలంలో, తమ పెరటిలో దొరికే జీవితో, తామూ అడిగినారు. అది చాలు.

పంపాపతిరావుగారు తరువాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి వెళ్ళినారు. అయినా దీపం ఆరలేదు. 1980లో తేలు తోక చివరి గ్రంథిలోని లావుపాటి తంతువుల మీద ఎల్లమ్మ, మురళీమోహన్, బాబుగార్ల వ్యాసం భారత శాస్త్ర అకాడమీ పత్రికలో వచ్చింది. అందులో మొదటి పేరు ఎల్లమ్మగారిది. మన గ్రామదేవత పేరు ఒక నాడీశాస్త్ర వ్యాసానికి తలమానికంగా నిలిచిందని చూసి నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను. 1984లో బాబుగారు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ బార్ట్‌తో కలిసి మధ్య అమెరికా అడవిసాలీడు మెదడు నిర్మాణాన్ని వివరించినారు. 1985లో బార్ట్ సంపాదకత్వంలో ఎనిమిదికాళ్ళ జీవుల నాడీశాస్త్ర గ్రంథం వెలువడితే అందులో బాబుగారి అధ్యాయం ఉన్నది.

వేరుసెనగ చేనుకూ ఈ శాస్త్రానికీ సంబంధం

తేలు నాడితో రైతుకేమి పని అని అడగవచ్చు. పైన చెప్పిన కోలినెస్టరేజ్‌ను మరొకసారి తలచుకోండి. వేరుసెనగకు ఎర్రగొంగళి పట్టినప్పుడు మన రైతులు చల్లిన మిథైల్ పారాథియాన్, మోనోక్రోటోఫాస్ వంటి మందులు చేసే పని ఒక్కటే. ఆ ఎంజైమును పట్టి బంధించడం. అది బందీ అయితే అసిటైల్‌కోలిన్ విరగక పేరుకుపోతుంది. నాడికి విశ్రాంతి ఉండదు. పురుగు గిలగిలలాడి చస్తుంది. మనిషి తాగినా జరిగేది అదే. నోట నురగ, కనుపాప సూదిమొనంత కావడం, ఊపిరి ఆగడం.

రాయలసీమలో కరువు ఏళ్ళలో ఆసుపత్రి వార్డులు చూసినవారికి ఈ వర్ణన అక్కరలేదు. తిరుపతి జంతుశాస్త్ర విభాగంలో ఆచార్య కె.వి. రమణారావుగారి బృందం మిథైల్ పారాథియాన్ చేపల ఒంటిలో ఈ ఎంజైమును ఎలా దెబ్బతీస్తుందో కొలిచింది. తేలులో రాత్రింబవళ్ళ లయ చూడడానికి కొలిచిన ఎంజైమునే, మందు కలిసిన చెరువునీటిలో ఏమవుతున్నదో చూడడానికీ కొలిచినారన్నమాట. కేవల కుతూహలంతో పుట్టిన శాస్త్రానికీ ప్రాణం నిలిపే శాస్త్రానికీ నడుమ ఉన్న గోడ చాలా పలుచనిది. ఎర్రతేలు కాటుకు ప్రాజోసిన్ మాత్రతో వైద్యం చేయవచ్చునని మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరి వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో చూపినారు. ఆ విషం నాడులను రెచ్చగొట్టి గుండెను ఎలా దెబ్బతీస్తుందో తెలిసినందువల్లనే ఆ మందు తట్టింది. పసిపిల్లలు ఎందరు బతికినారో!

కూడు పుడుతుందా?

ఇక ఈ టపాకు అసలు కారణమైన సంగతి. శాస్త్రం గొప్పదే. దానిని నమ్ముకొన్నవాని బతుకు ఎట్లా?

నేను తూర్పు మండలాలలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు ఒక వేరుసెనగ రైతు కొడుకు నా దగ్గర చదివినాడు. ఛందస్సు చక్కగా పట్టుబడింది. నేను ఆశపడినట్లు భాషాప్రవీణకు పోక జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, నాడీక్రియల మీద పరిశోధనకు కుదిరినాడు. ఒకనాడు వాళ్ళ నాయన బజారులో నన్ను ఆపి, "ఏం అయివారూ, తేళ్ళమింద సదివితే కూడు పుడతాదా?" అని అడిగినాడు. ఎగతాళి కాదు, భయం. కొడుకు చదువుకు రెండెకరాలు కుదువపెట్టినవాని భయం.

ఆ ప్రశ్నకు కాలమే జవాబు చెప్పింది. అది సగం చేదు, సగం తీపి. డాక్టరేటు చేతికి వచ్చినాక ఆ అబ్బాయికి తగిన ఉద్యోగం చాలా ఏళ్ళు దొరకలేదు. విశ్వవిద్యాలయాలలో ఖాళీలు నిండలేదు. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ప్రవేశపరీక్షలకు పిల్లలను తోమే పని చేసినాడు. రోజుకు ఎనిమిది పీరియడ్లు. తరువాత ఉత్తరదేశంలో ఒక ప్రయోగశాలలో చోటు దొరికి, అక్కడినుండి విదేశానికి వెళ్ళి స్థిరపడినాడు. నాయన కుదువపెట్టిన నేల విడిపించినాడు. ఆ ముసలాయన ఆ రోజు చూడకుండానే పోయినాడు.

ఇటువంటి కథ ఒక్కటి కాదు. ఆ కాలంలో నాడీశాస్త్రం అనే పేరుతో ఉద్యోగం లేదు. జంతుశాస్త్ర అధ్యాపకుని కొలువు దొరికితే దాని నీడన పరిశోధన సాగేది. దొరకకపోతే బ్యాంకు పరీక్షో, బడిపంతులు కొలువో. ఎన్ని సూక్ష్మదర్శినులు అలా బీరువాలలోనే ఉండిపోయినాయో లెక్కకు అందదు.

నేడు దారులు కొన్ని పెరిగినాయి. 1974లో బెంగళూరులో నిమ్హాన్స్ ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఎమ్మెస్సీ చేసిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్‌గారు మైసూరులో డాక్టరేటు పొంది, నిమ్హాన్స్‌లో పనిచేసి, హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధనా కేంద్రానికి తొలి సంచాలకురాలైనారు. 2009లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో నాడీశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పినారు. మందులు కాలేయంలోనే కాదు, మెదడులోనూ విరుగుతాయన్నది ఆమె పరిశోధనలోని ముఖ్యాంశం. విశాఖలో చదివిన ఆడపిల్ల దేశపు మెదడు పరిశోధనాలయాన్ని కట్టగలిగినప్పుడు తిరుపతిలో చదివిన ఆడపిల్లకు ఏమి తక్కువ?

మన తెలుగు బ్లాగులోకానికి సుపరిచితులైన శ్రీనివాస చక్రవర్తిగారిని ఇక్కడ తలచుకోకపోతే దోషం. మద్రాసు ఐఐటీలో గణకనాడీశాస్త్ర ఆచార్యులాయన. మెదడు లోతులలోని గ్రంథుల పనిని గణితనమూనాలుగా కట్టి కంపవాతం వంటి జబ్బులను అర్థం చేసుకొనే ప్రయత్నం ఆయనది. అంతటి పనిలోనూ తెలుగులో శాస్త్రవ్యాసాలు రాస్తూ, అనువదిస్తూ వచ్చినారు. నాడీశాస్త్రానికి గణితం, కంప్యూటరు వచ్చినవారూ అవసరమేనని ఆయన ఉదాహరణే చెబుతుంది.

దారి ఎట్లా ఉంటుందో పిల్లలకు చెప్పవలసి వస్తే ఇలా చెబుతాను. జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఇంజనీరింగు, వైద్యం, ఏ గుమ్మం నుండైనా లోపలికి రావచ్చు. ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకొంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత 42,000 రూపాయలు ఉపకారవేతనం. ఇవి 2023 జనవరి నుండి అమలైన మొత్తాలు. డాక్టరేటుకు ఐదారేళ్ళు. ఆపైన మూడు నాలుగేళ్ళు మరొకరి ప్రయోగశాలలో పని. స్థిరమైన కొలువు దొరికేసరికి ముప్ఫై అయిదు దాటుతుంది. అదీ దొరుకుతుందన్న హామీ లేదు. ఈ మాట దాచిపెట్టి 'చదువుకో నాయనా' అనడం పిల్లలను మోసం చేయడమే. ఈ మాట మాత్రమే చెప్పి భయపెట్టడం శాస్త్రాన్ని మోసం చేయడం. రెండూ చెప్పి, నిర్ణయం వారికి వదలాలి.

2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చినాయి. ఏర్పేడు వైపు పోతే విశాలమైన ఆవరణలు కనబడతాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరు జిల్లా అయింది. సంస్థలకు కొదవ లేదు. నా ఆవేదన వేరు. ఆ ఆవరణలలో చదివే పిల్లలకు స్క్విడ్ కథ తెలుసు, సముద్రపు నత్త కథ తెలుసు. పది పదిహేను మైళ్ళ దూరంలో మండ్రగబ్బతో నడిచిన కథ తెలియదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో, వియన్నాలో గుర్తుపెట్టుకొన్న పేర్లను మనమే మరచిపోతే, అమెరికా పోవాలా అన్న పిల్లల ప్రశ్నకు మనమే 'అవును' అని జవాబిచ్చినట్లు.

చరిత్ర తెలిసినందువల్ల ఉద్యోగం రాదు. కానీ ఈ నేల మీద, ఈ ఎండలో, రాతి కింద దొరికిన పురుగుతో లోకం వినదగిన ప్రశ్న అడగవచ్చునన్న ధైర్యం వస్తుంది. పల్లె నుండి వచ్చిన పిల్లకు ఆ ధైర్యమే మొదటి ఉపకారవేతనం.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో ఆ రోజులలో చదివిన మిత్రులు ఎవరైనా ఈ టపా చదివితే, తమ జ్ఞాపకాలను వ్యాఖ్యగా రాయవలసిందిగా ప్రార్థన. రాత్రివేళ మండ్రగబ్బల కోసం ఏ గుట్టలు తిరిగినారో, మొదటిసారి తెర మీద నాడీతరంగం లేచినప్పుడు ఎవరు పక్కన ఉన్నారో, ఆ చిన్న సంగతులే రేపటికి చరిత్ర. తెలుగులోనే రాయండి. 'వెన్నుపాము' అన్న మాటను కన్న భాషకు ఆ కథను మోయగల శక్తి ఉన్నది.

శుభం భూయాత్.